మంచు కరిగిన సరస్సులో వసంతకాలపు చేపల వేట: నీటి స్థితి, నియమాలపై కొన్ని సందేహాలు

తీరరేఖ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. శీతకాలమంతా మంచుగడ్డ కింద ఉండి ఇటీవలే తేటపడిన ఒక పెద్ద సహజ సరస్సులో ఈ వసంతంలో గాలం వేయాలనుకుంటున్నాను. వేసవిలో ఒడ్డున కూర్చొని వేట చేసిన అనుభవం ఉంది కాని, మంచు కరిగిన తొలి వారాల్లో చేప ఎక్కడ ఉంటుందో, ఎలా ప్రవర్తిస్తుందో నాకు సరిగా తెలియదు. ఈ సరస్సులో పైక్, వాలై, పెర్చ్, స్మాల్‌మౌత్ బాస్, లార్జ్‌మౌత్ బాస్ ఉన్నాయి. ఉదయం పూట నడి సరస్సులో పైనీరు 6 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది. ఉత్తరపు గట్టున, అడుగున నల్లటి బురద ఉన్న లోతు తక్కువ వంపులో మాత్రం మధ్యాహ్నం దాటాక 11 డిగ్రీల వరకు వస్తోంది. ఇంత తేడా మామూలేనా? దాన్నిబట్టి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

రెండో సందేహం నియమాల గురించి. లైసెన్సుతో పాటు ఇచ్చిన నియమావళిలో పైక్, వాలై, పెర్చ్ ఇప్పుడు పట్టవచ్చని, బాస్‌కు మాత్రం వేసవి మొదలయ్యే వరకు నిషేధకాలమని ఉంది. పైక్ కోసం వేసిన గాలానికి బాస్ తగిలితే నేను నేరం చేసినట్టా? వాలై విషయంలో, ఒక నిడివి మొదలుకొని మరో నిడివి వరకు ఉన్న చేపలను తప్పనిసరిగా వదిలేయాలని రాశారు. చిన్నవాటిని ఉంచుకోనిచ్చి, వాటికన్నా పెద్దవాటిని వదిలేయమనడంలో ఉద్దేశం ఏమిటో నాకు బోధపడలేదు. చిన్న చేపను వదిలేయాలన్న మాటే కదా ఎక్కడైనా వింటాం!

మూడోది, వేసవి తొలి రోజుల్లో గులకరాళ్ల మీద పళ్లెంలా గుండ్రంగా తుడిచినట్టున్న చోట్ల ఒక్కో బాస్ అక్కడక్కడే తిరుగుతూ ఉండటం చూశాను. దాని ముందు ఏ ఎర వేసినా పట్టుకుంటుందని కొందరు అన్నారు. నిషేధకాలం ముగిసిన మర్నాడు అలాంటి చేప కనిపిస్తే పట్టవచ్చా? పట్టి వదిలేస్తే సరిపోతుందా? నియమం ఏం చెబుతుందన్నదే కాక, మీరైతే ఏం చేస్తారో కూడా తెలుసుకోవాలని ఉంది.

నీటిమట్టం

తీరరేఖ గారూ, నమస్కారం. థర్మామీటరు పట్టుకొని రెండు చోట్లా కొలిచారంటే సగం పని అయిపోయినట్టే. వసంతంలో చేపను నడిపించేది ముఖ్యంగా నీటి వేడి, దానితో పాటు పగటి పొడవు. క్యాలెండరు చూసి వెళ్లేవారు ఒక ఏడు ముందుగానూ, మరో ఏడు ఆలస్యంగానూ చేరుకుంటారు.

ముందు మీ సరస్సు ఏ దశలో ఉందో చూద్దాం. నీరు అన్నిటికన్నా బరువుగా ఉండేది 4 డిగ్రీల దగ్గర. అందుకే శీతకాలంలో అడుగునీరు ఆ చుట్టుపక్కల వేడిలోనూ, మంచుకు ఆనుకున్న నీరు సున్నాకు దగ్గరగానూ ఉంటాయి. మంచు కరిగి, ఎండకు పైనీరు కూడా 4 డిగ్రీలకు చేరేసరికి పైనుంచి అడుగుదాకా బరువు ఒకటే అవుతుంది. అప్పుడు గట్టిగా గాలి వీస్తే సరస్సు సరస్సంతా కలిసిపోతుంది. గాలి నుంచి నీటిలో కలిసిన ఆక్సిజన్ అడుగుకు, శీతకాలమంతా అడుగున పేరుకున్న పోషకాలు పైకి చేరతాయి. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా నీరు ఒకేలా ఉంటుంది కనుక చేప ఫలానా లోతులోనే నిలవాల్సిన అవసరం ఉండదు. గాలం వేసేవారికి అవి కష్టమైన రోజులు. మీ సరస్సు 6 డిగ్రీలకు వచ్చింది కనుక ఆ దశ చివరికి చేరినట్టే. అయితే ఇంత చల్లటి నీటిలో ఒకటి రెండు డిగ్రీల తేడాకు బరువులో వచ్చే మార్పు చాలా స్వల్పం. అందువల్ల ఎండకు పైన ఏర్పడిన కాస్త వెచ్చటి పొరను ఒక్క రోజు పెనుగాలి మళ్లీ కలిపేయగలదు. నిన్న బాగా తగిలిన చోట నేడు ఏమీ తగలకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

ఇక మీరు చెప్పిన వంపు. ఉత్తరార్ధగోళంలో ఉత్తరపు గట్టుకు దక్షిణం నుంచి వచ్చే ఎండ నేరుగా తగులుతుంది, ఉత్తరపు చలిగాలి నుంచి ఆ గట్టే కాపు కాస్తుంది. లోతు తక్కువ కనుక వేడెక్కాల్సిన నీరూ తక్కువే, పైగా నల్లటి బురద ఎండను బాగా పీల్చుకుంటుంది. కాబట్టి 5 డిగ్రీల తేడా మామూలే. అక్కడ ముందుగా నీటిపురుగుల డింభకాలు కదులుతాయి, వాటి కోసం చిన్న చేపలు, వాటి వెనుక పెద్దవి వస్తాయి. వేకువనే వెళ్లాలన్న వేసవి అలవాటును ఇప్పటికి పక్కన పెట్టండి. ఆ వంపు మధ్యాహ్నం రెండు దాటాక గాని పనికిరాదు. రాత్రి చలికి లోతులేని నీరు అంతే త్వరగా చల్లబడుతుంది కనుక చేపలు వంపు ముఖద్వారం దగ్గర, అడుగు ఒక్కసారిగా లోతుకు దిగే అంచుకు వెనక్కి తగ్గుతాయి. నేనైతే ఆ అంచు దగ్గరే మొదలుపెట్టి, ఎండ ముదిరే కొద్దీ లోపలికి జరుగుతాను.

ఒక్కో జాతి సంగతి ఒక్కోలా ఉంటుంది. పైక్ మంచు తొలగుతూండగానే నిరుటి ఎండు గడ్డి, జమ్ము మునిగిన చోట గుడ్లు చల్లేస్తుంది. మీ వంపులో ఆ పని ఇప్పటికి ముగిసిపోయి ఉండవచ్చు, ముగిశాక అది ఆకలితో అక్కడే మరికొంత కాలం తిరుగుతుంది. గుడ్లు ఆ గడ్డిపోచలకే అంటుకొని ఉంటాయి కనుక అందులో దిగి నడవకండి, లంగరు ఈడ్వకండి. వాలై సుమారు 6 నుంచి 10 డిగ్రీల మధ్య గులకరాళ్ల మెరకల మీద, వాగులు కలిసే చోట్ల, ఎక్కువగా రాత్రిపూట గుడ్లు పెడుతుంది. దాని కంటి వెనుక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. మసక వెలుతురులో దానికి బాగా కనిపిస్తుంది కనుక సంధ్యవేళ చురుగ్గా ఉంటుంది. పెర్చ్ గుడ్లు మీరు బహుశా చూసే ఉంటారు. ముడతలు ముడతలుగా మడతపడి, పట్టుకోబోతే వేళ్ల మధ్య జారిపోయే పారదర్శకమైన జిగట నాడా ఒకటి మునిగిన కొమ్మకు చుట్టుకొని ఉంటుంది. దగ్గరగా చూస్తే దాని నిండా వరుసలుగా గుడ్లే. కొమ్మకు గాలం తట్టుకున్నప్పుడు లాగి విరిచే ముందు ఒకసారి నీటిలోకి చూడమని మనవి.

బాస్ గూళ్లకు, అంటే మీరు చూసిన ఆ గుండ్రటి చోట్లకు, ఇంకా సమయం ఉంది. స్మాల్‌మౌత్‌కు సుమారు 15 డిగ్రీలు దాటాలి, లార్జ్‌మౌత్‌కు ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఎర విషయంలో చెప్పదగింది ఒక్కటే: చల్లటి నీటిలో చేపకు అరుగుదల నెమ్మది, కదలికా నెమ్మదే. చిన్న ఎర, సన్నని బెండు, నిదానంగా లాగడం. ఇప్పుడు బెండు మునగదు, ఒక పక్కకు వాలుతుందంతే.

ఒడ్డునీడ

నీటి సంగతి నీటిమట్టం గారు చెప్పారు కనుక నేను నియమాలకే పరిమితమవుతాను.

నియమావళిని చదవడంలో చాలామంది మొదటి పుటల్లోని పట్టిక చూసి ఆగిపోతారు. ఆ పట్టిక ప్రాంతం మొత్తానికి వర్తించే సాధారణ నియమం మాత్రమే. దాని తర్వాత పేరుపేరునా సరస్సులకు, వాగులకు ఇచ్చిన మినహాయింపుల జాబితా ఉంటుంది, మీ సరస్సు పేరు అందులో ఉంటే ఆ మాటే చెల్లుతుంది. వసంతంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాలై గుడ్లు పెట్టే వాగు ముఖాలను, గులక మెరకలను కొంతకాలం పూర్తిగా మూసివేసే పద్ధతి చాలా చోట్ల ఉంది. సరస్సంతా తెరిచి ఉన్నా ఆ ముక్కలో మాత్రం గాలం వేయరాదు. సరస్సు రెండు పాలనా ప్రాంతాల మధ్య ఉంటే, మీ లైసెన్సు ఏ గీత దాకా చెల్లుతుందో కూడా చూసుకోవాలి.

నిషేధకాలం అన్న మాటకు అర్థం అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్ని ప్రాంతాల్లో ఆ చేపను ఉంచుకోవడమే నిషేధం, పట్టి వెంటనే వదిలేయడానికి వేరుగా కాలం కేటాయిస్తారు. మరికొన్నిచోట్ల దానికోసం ప్రయత్నించడమే నేరం, వదిలేసినా సరే. ఒకే దేశంలో నదికి ఒక రీతి, సరస్సుకు మరో రీతి ఉండటమూ కద్దు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ట్రౌట్, సాల్మన్ కాని మంచినీటి చేపలకు నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు నిషేధకాలం ఉంది. చాలా సరస్సులకు మాత్రం 1995లో దాన్ని ఎత్తివేశారు. కాబట్టి మరో సరస్సు దగ్గర విన్న మాటను మీ సరస్సుకు అన్వయించుకోవద్దు.

పైక్ గాలానికి అనుకోకుండా బాస్ తగలడాన్ని సాధారణంగా నేరంగా చూడరు; ఆ క్షణమే, గాయపరచకుండా వదిలేయాలన్నది షరతు. తూకం వేయడం, బుట్టలో ఉంచి ఫొటోల కోసం మళ్లీ తీయడం కుదరదు. అయితే ఒకే చోట వరుసగా బాస్ తగులుతూ ఉంటే, అక్కడే కూర్చొని పైక్ కోసమే వేస్తున్నానని చెప్పడం న్యాయం కాదు. తనిఖీకి వచ్చే అధికారి కూడా మీ గాలం పరిమాణం, ఎర, మీరున్న చోటు చూసే మీ ఉద్దేశాన్ని అంచనా వేస్తారు. చోటు మార్చండి, లేదా పైక్‌కే తగిన పెద్ద ఎరకు మారండి.

వాలై నిడివి నియమం మీకు వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు. కనీస నిడివి పెట్టి అంతకన్నా పెద్దవాటిని పట్టనిస్తే, వేట ఒత్తిడి అంతా గుడ్లు పెట్టే ఈడుకు వచ్చిన చేపల మీదే పడుతుంది. పెద్ద ఆడ వాలై ఒక్కటే లక్షల్లో గుడ్లు పెడుతుంది. చిన్నవి చాలా ఎక్కువగా ఉండి, తిండికి పోటీపడి ఎదగలేకపోతున్న సరస్సులో వాటిలో కొన్ని తగ్గడం మిగతావాటికి మేలు. అందుకే తల్లి చేపలుండే నిడివిని మధ్యలో కాపాడి, దానికి కింద కొన్ని, పైన ఒకటి మాత్రమే ఉంచుకోనిస్తారు. ఇది అన్ని సరస్సులకూ సరిపోయే సూత్రం కాదు, పిల్లలు తక్కువగా పుట్టే సరస్సులో కనీస నిడివే మేలు చేస్తుంది. మీ సరస్సుకు ఈ పద్ధతి ఎంచుకున్నారంటే అక్కడ సంతానం బాగానే కలుగుతోందని ఊహించవచ్చు.

కొలిచే పద్ధతి కూడా నియమంలో భాగమే. ఎక్కువచోట్ల నోరు మూసి, ముట్టె కొసను కొలబద్ద సున్నాకు ఆనించి, తోక రెండు పాయలను దగ్గరకు నొక్కి, చివరి కొస దాకా కొలుస్తారు. కొన్నిచోట్ల తోక చీలిక దాకానే. తోక నొక్కితే నిడివి కాస్త పెరుగుతుంది కనుక హద్దు మీద ఉన్న చేప విషయంలో ఆ కాస్తే తేల్చేస్తుంది. రోజుకు ఎన్ని పట్టవచ్చన్నది ఒక లెక్క, ఇంట్లో నిల్వతో కలిపి మొత్తం ఎన్ని ఉండవచ్చన్నది మరో లెక్క, రెండూ చూసుకోండి. చాలా ప్రాంతాల్లో జాతిని, నిడివిని గుర్తించేందుకు వీలుగా ఇల్లు చేరేదాకా చేపను ముక్కలు చేయకూడదన్న నియమం కూడా ఉంటుంది.

తీరరేఖ

ఇద్దరికీ ధన్యవాదాలు. వంపు ముఖద్వారం దగ్గర అడుగు ఎక్కడ దిగుతుందో ఈసారి తాడు వేసి చూస్తాను. మరో రెండు విషయాలు అడగాలని ఉంది. వదిలేయాల్సిన నిడివిలో ఉన్న వాలై గాలాన్ని లోతుగా మింగి రక్తం కారుతూ ఉంటే, బతకదని తెలిసి కూడా నీటిలో వదలాలా? అలాగే, దగ్గరలోని వాగులో పట్టిన చిన్న చేపలను బతికుండగానే ఎరగా తెచ్చుకోవచ్చా? ఈసారి చిన్న బోటులో వెళ్లే ఆలోచన ఉంది. గూటి మీద ఉన్న బాస్ గురించి కూడా ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

గులకతీరం

గూటి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఈ విషయం నాకు చాలా ముఖ్యం.

మీరు చూసిన చేప మగది. నీరు వెచ్చబడగానే అది లోతు తక్కువ చోటు ఎంచుకొని, తోకతో ఊడ్చి, బురదను తొలగించి, గులక తేలేలా చేస్తుంది. ఆడ చేప గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఆ తర్వాత మొత్తం బాధ్యత మగ చేపదే. గుడ్ల మీద మట్టి పేరుకోకుండా రెక్కలతో విసురుతూ ఉంటుంది, దగ్గరకు వచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. గుడ్లు కొద్ది రోజుల్లోనే పొదుగుతాయి కాని, పిల్లలు ఈదడం నేర్చి నల్లని గుంపుగా గూటి పైకి లేచాక కూడా కొన్ని వారాల పాటు వాటి వెంటే ఉంటుంది. ఈ కాలంలో అది సరిగా తినదు. ఏ ఎర వేసినా పట్టుకుంటుందన్న మాట నిజమే, కాని ఆకలి వల్ల మాత్రమే కాదు. గూటిలోకి వచ్చిన శత్రువును బయట పడేయడానికి నోటితో పట్టుకుంటుంది. ఆ మొండితనాన్ని ఆసరా చేసుకొని గాలం వేయడం నాకు వేటగా తోచదు.

పట్టి వదిలేస్తే సరిపోతుందా అని అడిగారు. మీరు చేపను బోటులోకి తీసి కొక్కెం విప్పే వ్యవధిలో గూటి చుట్టూ ఏం జరుగుతుందో గమనించండి. అంతదాకా దూరంగా జమ్ములో తచ్చాడుతున్న బ్లూగిల్స్ అనే చిన్న చేపలు, పెర్చ్‌లు ఒకటొకటిగా వచ్చి గులక మీద తల వంచి ఏరుకోవడం మొదలుపెడతాయి. కాపలా లేని గూటిని కొద్ది నిమిషాల్లోనే సగం ఖాళీ చేయగలవు. వదిలిన బాస్ అలసిపోయి వెంటనే గూటికి చేరలేకపోవచ్చు. చేరినా, మిగిలిన గుడ్లు మరీ తక్కువైతే గూటిని అలాగే విడిచి వెళ్లిపోవచ్చు కూడా. పెద్ద మగ చేపల గూళ్లలో గుడ్లు ఎక్కువగా ఉంటాయి, గాలానికి ముందుగా ఆకర్షించేవీ అవే.

నిషేధకాలం ముగింపు తేదీ సగటు సంవత్సరాన్ని బట్టి పెట్టినది. వసంతం ఆలస్యమైన ఏడు ఆ తేదీ దాటాక కూడా గూళ్లు ఉంటాయి. చట్టం అనుమతిస్తుంది, నేను మాత్రం వేయను. గూడు కనిపిస్తే బోటు నిదానంగా తిప్పి, నీడ కూడా దాని మీద పడకుండా వెళ్లిపోతాను. లోతైన నీటిలో, గుడ్లు పెట్టే పని ముగించుకొని మేత కోసం తిరిగే ఆడ చేపలు అదే సమయంలో ఉంటాయి; అక్కడ వేసుకోవచ్చు.

వదిలేసే చేప ఏదైనా సరే, పొడి చేత్తో, తువ్వాలుతో పట్టుకోకండి. దాని ఒంటి మీది జిగట పొర పోతే అక్కడే బూజు పడుతుంది. చేతులు తడిపి, ఒక చెయ్యి పొట్ట కింద ఉంచి, అడ్డంగా పట్టుకోండి, మొప్పల్లోకి వేళ్లు పోనివ్వకండి. కొక్కెం వెనుక ముల్లును పటకారుతో నొక్కేసి ఉంచితే చాలావరకు చేపను నీటిలోంచి తీయకుండానే విప్పవచ్చు. చల్లటి నీటిలో ఆక్సిజన్ ఎక్కువ, 5 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 12.8 మిల్లీగ్రాములు, 25 డిగ్రీల దగ్గర 8.3 మాత్రమే. కాబట్టి వసంతంలో వదిలిన చేప తేరుకునే అవకాశం వేసవి కన్నా ఎక్కువ, మనం తొందరగా వదిలితేనే.

ఒడ్డునీడ

రక్తం కారుతున్న వాలై గురించి. మనసుకు కష్టమైనా వదిలేయాల్సిందే. బతకని చేపను ఉంచుకోవచ్చని నియమంలో ఒక్క వాక్యం చేర్చితే, తర్వాత ప్రతి చేపా బతకని చేపే అవుతుంది. లోతుగా మింగిన కొక్కేన్ని పీకే ప్రయత్నం చేయక, నోటి దగ్గర దారం కత్తిరించి వదిలితే బతికే అవకాశం మెరుగు. అసలు ఆ పరిస్థితి రాకుండా, సహజమైన ఎర వేసేటప్పుడు పెదవి మూలలో పట్టుకునే గుండ్రటి కొక్కెం వాడండి, గాలాన్ని చూడకుండా వదిలేసి కూర్చోకండి.

వాగులోని బతికున్న చేపలను సరస్సుకు తీసుకువెళ్లే ఆలోచన మానుకోండి. చాలా ప్రాంతాల్లో ఇది నేరం, కారణం కూడా బలమైనదే: ఎరతో పాటు జబ్బులు, ఆ సరస్సులో లేని జాతులు వచ్చి చేరతాయి. మిగిలిన ఎరను, ఎర డబ్బాలోని నీటిని సరస్సులో పారబోయకండి. బోటు విషయంలోనూ అంతే. ఉత్తర అమెరికాలోని సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా మసెల్ అనే చిన్న ఆలుచిప్పను 1988లో గుర్తించారు. ఓడలు బరువు కోసం నింపుకొచ్చిన నీటితో వచ్చిన ఆ జీవి తర్వాత ఎన్నో సరస్సులకు పాకింది. దాని పిల్లలు కంటికి కనిపించనంత చిన్నవి, బోటు అడుగున మిగిలిన నీటిలో ప్రయాణం చేయగలవు. ఒడ్డుకు రాగానే బిరడా తీసి నీరంతా కార్చి, అంటుకున్న నాచు, గడ్డి దులిపి, పూర్తిగా ఆరనిచ్చాకే మరో సరస్సులో దించండి. సీసపు గుండ్లకు బదులు తగరం, టంగ్‌స్టన్‌తో చేసినవి వాడటం మంచిది. నీటిపక్షులు సీసాన్ని గులకతో పాటు మింగి చనిపోవడం చూసి బ్రిటన్‌లో చాలా పరిమాణాల సీసపు గుండ్లను 1987లో నిషేధించారు.

నీటిమట్టం

చిన్న బోటు అన్నారు కనుక ఒక్క మాట. గాలి వెచ్చగా ఉందని నీటిని నమ్మకండి. 6 డిగ్రీల నీటిలో పడిన మనిషికి మొదటి నిమిషం ఊపిరి తన అదుపులో ఉండదు. ఆ నిమిషంలో తల నీటిలో మునిగితే ఎంత ఈతగాడైనా నీరు పీల్చేస్తాడు. తర్వాత సుమారు పది నిమిషాల్లో చేతివేళ్లు, కాళ్లు చెప్పినట్టు వినడం మానేస్తాయి. లైఫ్‌జాకెట్‌ను సీటు కింద పెట్టుకుంటే అప్పుడు తొడుక్కోవడం సాధ్యం కాదు, బోటు ఎక్కకముందే తొడుక్కొని బకిల్ బిగించుకోండి. మీ వంపు గట్టుకు దగ్గరే కనుక మొదటి కొన్నిసార్లు నడి సరస్సుకు పోకుండా అక్కడే ఉండండి, పెర్చ్‌కు, పైక్‌కు ఇప్పుడు అంతకన్నా మంచి చోటు లేదు. లోతు దిగే అంచు దొరికాక అక్కడి ఉదయపు, మధ్యాహ్నపు డిగ్రీలు ఇక్కడ రాయండి, వాలై కోసం సాయంత్రం ఏ మెరక చూడాలో దాన్నిబట్టి చెప్పగలను.